పంపరపనస తొక్క, మామిడి సొన: పేల్ ఏల్‌కు మార్కులు వేసిన పూట

అమెరికన్ పేల్ ఏల్ అనే బీరు రకం ఎలా ఉండాలో చెప్పే ఏ కాగితం తీసినా మొదట కనిపించేవి గ్రేప్‌ఫ్రూట్, పైన్ అన్న రెండు మాటలు. నల్గొండ మార్కెట్లో గ్రేప్‌ఫ్రూట్ పండు దొరకదు, ఊరి చుట్టుపక్కల పైన్ చెట్టూ లేదు. గ్రేప్ అన్న పేరు విని గ్లాసులో ద్రాక్ష వాసన వెతికేవాళ్లు ప్రతిసారీ ఒకరైనా ఉంటారు. అందుకే మా బల్ల మీదికి బీరు రాకముందే ఒక బత్తాయి, ఒక పంపరపనస, అప్పుడే తెంపిన పచ్చి మామిడికాయ వచ్చాయి.

ఏదో దొరికినదానితో సరిపెట్టుకోవడం అనుకోవద్దు. గ్రేప్‌ఫ్రూట్ అనేదే పంపరపనసకూ తీపి నారింజకూ పుట్టిన సంకరం. 18వ శతాబ్దంలో బార్బడోస్ దీవిలో బయటపడింది. మన బత్తాయి ఆ తీపి నారింజ జాతిదే. అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ నల్గొండలోనే ఉన్నారు, బిడ్డే లేదు. రూపాయి బిళ్లంత తొక్క ముక్కలు రెండింటి నుంచీ కోసి, ఖాళీ గ్లాసులోకి నూనె చిమ్మేలా పైపొరను మడిచి నలిపి, గ్లాసు మీద అరచెయ్యి మూసి ఒక నిమిషం ఆగాలి. చెయ్యి తీసి ముక్కు పెడితే వచ్చేదే ఆ కాగితాల్లోని గ్రేప్‌ఫ్రూట్. లోపలి తెల్ల పొర రానివ్వకూడదు, అది వట్టి చేదు.

పైన్ సంగతి మామిడికాయ చూసుకుంటుంది. తొడిమ తుంచగానే కారే సొన వాసనలో పెద్ద పాలు మైర్సీన్ లాంటి టెర్పీన్లనే వాసన పదార్థాలది. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వులు హాప్స్. అమెరికన్ హాప్స్ నూనెలో కూడా ఎక్కువగా ఉండేది మైర్సీనే. పోలిక కుదరడమే కాదు, పదార్థమే ఒకటి. కాల్చని సాంబ్రాణి పలుకు ఒకటి నలిపి పక్కన పెట్టుకుంటే జిగురు వాసన కూడా పట్టుబడుతుంది. సిట్రా, మొజాయిక్ లాంటి కొత్త రకాల హాప్స్ కోసం బాగా పండిన జామ, కొల్లాపూర్ వైపు నుంచి వచ్చే మామిడిపండు చాలు. చేతికి సొన అంటితే ఆ రోజంతా అన్ని బీర్లూ ఒకే వాసన వేస్తాయి, కాబట్టి తొడిమ తుంచే పని రుచి చూడని మనిషికి అప్పజెప్పాలి.

రుచి చూసేవాళ్లం ముగ్గురం, సీసాలు తెరిచి పోసే మనిషి ఒకరు. ఇంట్లో బీరు కాచడానికి మన ఎక్సైజ్ చట్టం ఒప్పదు, అందుకని నమూనాలన్నీ లైసెన్సుతో కాచినవే. మొత్తం ఏడు. ఏది ఎవరిదో పోసే మనిషికే తెలుసు, మాకు అంకెలే. ఒక్కొక్కరికి 75 మిల్లీలీటర్లు. 330 మిల్లీలీటర్ల సీసా ముగ్గురికీ పోయగా వంద దాకా మిగులుతుంది, రెండోసారి చూడటానికి అది కావాలి. ఏడింటికీ కలిపి మనిషికి అర లీటరు దాటుతుంది. ఉమ్మేయడం కుదరదు, ఎందుకో తర్వాత చెప్తాను. బండి తాళాలు ముందే తీసి పక్కన పెట్టాం.

పొద్దున పదింటికి మొదలుపెట్టాం. నాలుక అప్పుడే శుభ్రంగా ఉంటుంది. ముందురోజు రాత్రి నుంచి పచ్చిమిర్చి, వెల్లుల్లి, పాన్ మానేయాలి. సబ్బు వాసన చేతికి ఉండకూడదు, గదిలో అగరుబత్తి వెలగకూడదు, పక్కింట్లో పోపు వేస్తే పది నిమిషాలు ఆగాల్సిందే. ఎండాకాలం మన దగ్గర ఫ్యాన్ పెద్ద చిక్కు. తిరిగితే గ్లాసు మీద నిలవాల్సిన వాసన ఎగిరిపోతుంది, ఆపితే బీరు వేడెక్కుతుంది. మేం ఫ్యాన్ ఆపి, సీసాలను ఐసు పెట్టెలో 7 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కో నమూనానే బయటికి తీశాం. ఫ్రిజ్‌లోంచి 4 డిగ్రీల దగ్గర తీసి పోస్తే హాప్స్ వాసన సగం లేవదు. 7 నుంచి 10 మధ్య మొదలుపెట్టి, గ్లాసులో వేడెక్కే కొద్దీ చూస్తూ పోవడం మేలు.

గ్లాసుల గురించి ఒక మాట. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టిన గ్లాసుకు తెల్లటి పొర పడుతుంది. బీరు పోస్తే బుడగలు ఆ పొరకు అతుక్కుని వరుసలు కడతాయి. జిడ్డు మిగిలితే నురగే నిలవదు. ఆ తప్పు గ్లాసుది, బీరుది కాదు. ఆర్‌ఓ నీళ్లతో చివరి కడుగు కడిగి, తడి గ్లాసు లోపల సన్నటి ఉప్పు చల్లి చూశాం. ఉప్పు అంతటా సమంగా అంటితే శుభ్రం, ఖాళీలు పడితే అక్కడ జిడ్డు ఉన్నట్టు. పరీక్ష అయ్యాక ఉప్పు కడిగేయడం మర్చిపోవద్దు. నాలుక కడుక్కోవడానికి అదే ఆర్‌ఓ నీరు, ఉప్పూ కారం పట్టని మరమరాలు పెట్టుకున్నాం.

బీరులో వచ్చే తప్పు వాసనలు గుర్తుపట్టడానికి ముందురోజు సాయంత్రం తప్పుల పాఠం ఒకటి నడిపాం. కొత్తగా కూర్చునేవాళ్లకు ఇది తప్పనిసరి అంటాను. రుచి తక్కువున్న మామూలు లాగర్ బీరు 330 మిల్లీలీటర్ల సీసాలు తీసుకుని, ఒకదాంట్లో ముప్పావు టీస్పూను తెల్ల వెనిగర్, ఇంకోదాంట్లో బేకరీ సామాన్ల దుకాణంలో దొరికే వెన్న ఎసెన్సు నాలుగైదు చుక్కలు కలిపాం. మూడోదానికి ఎనిమిది లవంగాలను 90 మిల్లీలీటర్ల బీరులో నానబెట్టి, ఆ రసం నాలుగు టీస్పూన్లు పోశాం. ఇంకో సీసాను గాజు గ్లాసులో పోసి, ఎండలో పావుగంట పెట్టాం. హాప్స్ చేదు పదార్థం వెలుతురుకు విరిగి, గంధకం ఉన్న కంపు పుడుతుంది. ఇంగ్లిషు పుస్తకాలు దాన్ని స్కంక్ అనే జంతువుతో పోలుస్తాయి. ఆ జంతువు మనకు లేదు కాబట్టి గంజాయి పొగతో పోల్చుకోవచ్చు. గోధుమరంగు సీసాకు అంత తొందరగా ఈ జబ్బు రాదు. ఆకుపచ్చ సీసాకు, తెల్ల సీసాకు వస్తుంది. షాపు ముందు ఎండలో దింపిన పెట్టెల్లో పై వరుస సీసాలు ఎందుకు తేడాగా ఉంటాయో దీంతో తెలుస్తుంది.

పుల్లదనానికి వేరే పాఠం అక్కర్లేదు. పొద్దున దింపిన తాటికల్లు సాయంత్రానికి ఎలా మారుతుందో ఎరిగినవాడికి లాక్టిక్ పులుపూ అసిటిక్ పులుపూ వేరుచేయడం చేతనవును. మొదటిది పెరుగు మీది తేటలా మెత్తగా ఉంటుంది, రెండోది ముక్కులోకి గుచ్చుతుంది. పేల్ ఏల్‌లో ఈ రెండూ ఉండకూడదు.

ఇక అసలు పని. మార్కుల కాగితం బీజేసీపీ అనే బీరు జడ్జీల సంస్థ వాళ్లది, మొత్తం 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. రూపానికి మూడే ఉన్నాయని గమనించాలి. రంగు చూసి మురిసిపోయి పది నిమిషాలు దాని మీద రాసేవాళ్లు ఆ లోపు ముక్కుకు అందాల్సినవి పోగొట్టుకుంటారు.

పోయగానే ముక్కుకే మొదటి అవకాశం. గ్లాసును ముక్కు కింద నుంచి ఒకసారి దాటించడం, తర్వాత తిప్పి చిన్న చిన్న పీల్పులు రెండు, ఆ పైన అరచెయ్యి మూసి తిప్పి ఒక పెద్ద పీల్పు. మధ్యలో ముక్కు మొద్దుబారితే మోచేతి మడతలో మీ చర్మాన్నే వాసన చూడండి, కాఫీ గింజలు వద్దు. గంధకం వాసన, కొద్దిపాటి ఉడికిన మక్కకంకి వాసన మొదటి అర నిమిషంలోనే పోతాయి. వెంటనే రాసుకోకపోతే తర్వాత అవి ఉన్నాయని నిరూపించలేరు. మక్కకంకి వాసన లేత మాల్ట్‌లోని (మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఒక పదార్థం నుంచి పుడుతుంది. మూత తీసి గంట నుంచి గంటన్నర గట్టిగా మరిగిస్తే ఆవిరిలో పోతుంది. పోలేదంటే మరుగు చాలలేదని అర్థం.

మొదటి నమూనాను మాట్లాడుకుంటూ చూశాం. ముగ్గురి కొలత ఒక్కటి కావడానికి అదొక్కటే చర్చతో నడుస్తుంది, మిగతావన్నీ మౌనంగానే. కాస్కేడ్ అనే హాప్ ఒక్కటే వాడిన పాత తరహా బీరు అది. పంపరపనస తొక్క, దాని కింద పువ్వు వాసన, అడుగున బిస్కెట్ లాంటి మాల్ట్. ఈ శైలికి పునాది ఆ హాప్ రకమే. ఓరిగన్‌లో తయారై 1972లో విడుదలైంది. కాలిఫోర్నియాలో యాంకర్ బ్రూవరీ వాళ్లు 1975లో లిబర్టీ ఏల్‌లో వాడారు. అదే రాష్ట్రంలోని చికో పట్టణంలో 1980లో కాచడం మొదలుపెట్టిన సియెర్రా నెవాడా పేల్ ఏల్ తర్వాత అందరికీ నమూనా అయింది. ఆ బీరులో ఆల్కహాల్ 5.6 శాతం, చేదు 38 ఐబీయూ. శైలి హద్దులు 4.5 నుంచి 6.2 శాతం, 30 నుంచి 50 ఐబీయూ. ఒక ఐబీయూ అంటే సుమారుగా లీటరుకు ఒక మిల్లీగ్రాము హాప్స్ చేదు.

మన నోటికి అలవాటైన స్ట్రాంగ్ లాగర్లలో చేదు చాలా తక్కువ. అందుకే కొత్త జడ్జీ పేల్ ఏల్‌లో చేదును తప్పుగా రాసి మార్కులు కోస్తాడు. కోయాల్సింది చేదుకు కాదు, వగరుకు. ఇక్కడ తెలుగువాడికి ఒక సౌకర్యం ఉంది. ఉగాది పచ్చడి తిన్న ప్రతివాడికీ వేపపువ్వు వేరు, మామిడి వగరు వేరు అని పసితనం నుంచీ తెలుసు. చేదు రుచి, వగరు స్పర్శ. మింగిన తర్వాత నాలుకను అంగిలికి రాసి చూడాలి. జారితే అది చేదు, పట్టేస్తే వగరు. ఉమ్మకుండా మింగమనేది కూడా ఇందుకే. చేదు పూర్తిగా తేలేది మింగాకే, హాప్స్ రుచి తెలిసేది మింగి ముక్కుతో గాలి వదిలినప్పుడే. మింగి, నోరు మూసి, ఇరవై అంకెలు లెక్కపెట్టాకే రాయాలి.

చేదులోనూ రకాలున్నాయి. ఈ శైలికి నేను అడిగేది వేయించిన కాకరకాయ చేదు. పదునుగా ఉండి, తేటగా తెగిపోయి, ఇంకో ముక్క తినాలనిపించాలి. నేలవేము చేదులా గొంతులో అంటుకుని పావుగంట వదలకపోతే బీరులో ఏదో తేడా ఉంది.

అయిదో నమూనాలో సరిగ్గా ఆ తేడాయే వచ్చింది. వాసన మొదట బాగానే ఉంది. గుటక వేశాక నాలుక అంగిలికి పట్టేసింది, చల్లారిన నల్ల టీ తాగినట్టు. చేదు గరుకుగా మిగిలింది. వెనకాల ఆసుపత్రి కట్టు లాంటి మందు వాసన. రెండూ నీటి దగ్గరికే తీసుకెళ్తాయి. నల్గొండ నీళ్లంటే లోకానికి ఫ్లోరైడే గుర్తు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అన్న పేరే పెట్టింది నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ. బీరు కాచేవాడికి మాత్రం ఫ్లోరైడ్ కంటే దానితో పాటు వచ్చే బైకార్బొనేట్ ముఖ్యం. అలాంటి బోరు నీళ్లలో క్షారం ఎక్కువ, కాల్షియం తక్కువ. లేత మాల్ట్‌కు ఆ నీరు పోస్తే మాష్ (మాల్ట్‌ను వేడి నీళ్లలో నానబెట్టిన గంజి) పీహెచ్ దిగాల్సిన 5.2 నుంచి 5.6 మధ్యకు దిగదు. పొట్టు కడిగేటప్పుడు పీహెచ్ 6 దాటినా, నీరు 77 డిగ్రీలు మించినా పొట్టులోని టానిన్లు దిగుతాయి. అదే మన నాలుకకు పట్టిన వగరు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం ఉత్త మాట, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

కాగితం కింద సలహా గడిలో మేం రాసింది ఇది. ఆర్‌ఓ నీటితో మొదలుపెట్టి, పది లీటర్ల లెక్కన 2 గ్రాముల జిప్సం, 1 గ్రాము కాల్షియం క్లోరైడ్ కలపండి. అప్పుడు లీటరుకు కాల్షియం 70 మిల్లీగ్రాముల పైన, సల్ఫేట్ 110 దాకా, క్లోరైడ్ 50కి దగ్గరగా వస్తాయి. సల్ఫేట్ హాప్స్ చేదుకు అంచు పెడుతుంది, క్లోరైడ్ మాల్ట్‌ను గుండ్రం చేస్తుంది. మందు వాసన క్లోరిన్ పని. కుళాయి నీరే వాడాల్సి వస్తే 75 లీటర్లకు క్లోరిన్ తీసే క్యాంప్‌డెన్ బిళ్ల ఒకటి సరిపోతుంది. ఇప్పటికే ఆర్‌ఓ వాడుతూ ఉంటే బొగ్గు ఫిల్టర్ అయిపోయిందేమో, పాత్రలు బ్లీచింగ్‌తో కడిగి సరిగ్గా తొలవలేదేమో చూడండి. ‘మందు వాసన ఉంది’ అని రాసి వదిలేస్తే కాచినవాడికి ఏం పాలుపోదు.

మూడో నమూనా దగ్గర ముగ్గురికీ పొసగలేదు. నేను వాసనకు 5, రూపానికి 3, రుచికి 8, నోటి తీరుకు 2, మొత్తానికి 4 వేశాను: 22. పక్కనున్నాయన 33 వేశాడు. ఏడు మార్కులకు మించి తేడా వస్తే మాట్లాడుకుని దగ్గరికి రావాలనేది పద్ధతి. ‘కరిగిన వెన్న అన్నా, థియేటర్ పాప్‌కార్న్’ అని నేనంటే ఆయనకు తోచలేదు. ఆ వెన్న వాసన వేసే డయాసిటైల్ అనే పదార్థం కొందరి ముక్కుకు చాలా తక్కువగా అందుతుంది, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వాసన అందనివాళ్లు నాలుక మీద నూనె పూసినట్టు జారడాన్ని పట్టుకోవాలి. గ్లాసును అరచేతుల్లో పట్టి 20 డిగ్రీల దాకా వేడెక్కనిచ్చాక ఆయనకూ అందింది. ఆ తర్వాత 24 మీద స్థిరపడ్డాం.

వెన్న వాసనకు కారణం సాధారణంగా తొందర. ఈస్ట్ తన పులియబెట్టే పని చివర్లో డయాసిటైల్‌ను తానే మళ్లీ తినేస్తుంది. ఆ రెండు మూడు రోజులు ఇవ్వకుండా ట్యాంకు చల్లార్చి ఈస్ట్‌ను పడగొడితే వెన్న మిగిలిపోతుంది. 20, 21 డిగ్రీల దగ్గర ఆపి ఉంచి, తర్వాత పరీక్షించాలి. రెండు మూత సీసాల్లో బీరు తీసుకుని, ఒకదాన్ని 60, 70 డిగ్రీల మధ్య నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి చల్లార్చి, రెండూ పక్కపక్కన వాసన చూడాలి. వేడి చేసినదాంట్లో వెన్న లేస్తే ట్యాంకులో ఇంకా దాక్కున్న సరుకు ఉన్నట్టు. హాప్స్ ఎక్కువ వేసే ఈ శైలిలో ఇంకో ఉచ్చు ఉంది. డ్రై హాపింగ్‌లో, అంటే మరిగించకుండా నేరుగా ట్యాంకులో, వేసిన హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విరిచి, పులియడాన్ని మళ్లీ రేపుతాయి. అంతకుముందు పరీక్ష నెగ్గిన బీరులో కూడా వెన్న తిరిగొస్తుంది. కాబట్టి పరీక్ష హాప్స్ వేశాక చేయాలి. వేసిన హాప్స్‌ను వారాల తరబడి వదిలేస్తే పచ్చిగడ్డి నమిలిన రుచి దిగుతుంది, అది వేరే తప్పు.

నాలుగోది బత్తాయి రసంలా చిక్కటి మబ్బుగా వచ్చింది. జామ, మామిడిపండు, మెత్తటి నోరు. తాగడానికి ఆ పూట అందరికీ నచ్చిన బీరు అదే. కానీ అడిగింది అమెరికన్ పేల్ ఏల్. అందులో హాప్స్ వల్ల పల్చటి మసక ఉండొచ్చు గానీ, గ్లాసు అవతల వేలు కనిపించాలి. చేదు ముందుకు రావాలి, ముగింపు పొడిగా ఉండాలి. 31 దగ్గర ఆపి, ‘హేజీ విభాగంలో పంపండి’ అని రాశాం, అది ఇలాంటి మబ్బు బీర్లది. నచ్చింది కదా అని నలభై వేసే చెయ్యి వల్లే పోటీల్లో పేచీలు వస్తాయి. ఏడోది అటుపక్క తప్పింది: సొన, సాంబ్రాణి మోత, గొంతులో వెచ్చదనం, మాల్ట్ ఊసే లేదు. ఇంకా చేదుగా, ఘాటుగా ఉండే ఐపీఏ రకానికి ఎక్కువ దగ్గర. 33. అందులో ఉల్లిపాయ వాసన కూడా కొంచెం తగిలింది. కొన్ని రకాల హాప్స్ ఆలస్యంగా కోస్తే అలా వస్తుంది, పాడైన బీరు అనుకుని కొట్టేయకూడదు.

చేదు ఒక గ్లాసు నుంచి ఇంకో గ్లాసుకు పేరుకుంటుంది. నాలుగు దాటాక ప్రతి బీరూ ముందుదానికంటే చేదుగా తోస్తుంది. అందుకే నాలుగో నమూనా తర్వాత పావుగంట ఆగి, చివర్లో మళ్లీ రెండో గ్లాసుకు వెళ్లాం. రెండోది ఆ పూటకు మేటి: వాసన 10, రూపం 3, రుచి 16, నోరు 4, మొత్తం 8. కలిపితే 41, కాగితం లెక్కన 38 నుంచి 44 మధ్య ఉత్తమం. ఆరోదానికి 5, 2, 11, 4, 5, అంటే 27. హాప్స్ వాసన అణిగిపోయి తొక్క బదులు తేనె, చల్లారిన టీ, చివర్లో వానకు తడిసిన అట్టపెట్టె. రంగు ఒక మెట్టు ముదిరింది. మాల్ట్ ఎక్కువైందనీ, క్యారమెల్ మాల్ట్ తగ్గించమనీ ఒకరు సలహా రాశారు.

కాగితాలు తీసుకున్నాక పోసిన మనిషి సీసాలు బయటపెట్టాడు. రెండూ ఆరూ ఒకే రోజు ఒకే ట్యాంకు నుంచి నింపినవి. రెండోది నింపిన నాటి నుంచి ఫ్రిజ్‌లో ఉంది. ఆరోది మే నెలలో రేకుల గదిలో మూడు వారాలు ఉంది. క్యారమెల్ మాల్ట్ తగ్గించమన్న సలహాను కొట్టేసి, దాని మీద ‘చల్లగా నిల్వ చేయండి, మూత కింద గాలి తగ్గించండి’ అని తిరగరాశాం.